జీపుబండి జీర్ణోద్ధరణము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



రజతోత్సవ సభలో నాలుగు మాటలు మాట్లాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను భారతమునుండియో మనుచరిత్రమునుండియో ఒక ఘట్టమును తీసికొని నాకు తెలిసినంత వివరింతునని వారనుకొనియుందురు. నేను మాత్రము ఈ పందిరి వెలుపల వేపచెట్టు క్రింద నిలిచియున్న జీపుబండిని గూర్చి మాట్లాడ నిశ్చయించుకొంటిని. గ్రంథాలయమునకును జీపునకును సంబంధమేమని అడుగువారికి ఒక్క మాట. ఇరువదియైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయమునకు వచ్చిన మొదటి రెండు బీరువాలును, నాలుగు పెట్టెల పుస్తకములును సికిందరాబాదునుండి ఈ బండిలోనే వచ్చినవి. ఆనాడు బీరువా జారి వెనుక తలుపు సొట్టపడినది. ఆ సొట్ట నేటికిని ఉన్నది. బండినంతయు బాగుచేసి దానినొక్కదానిని ఎందుకు విడిచితినో చివర మనవిచేసెదను.

మొదట బండి పుట్టుపూర్వములు. 1940లో ఐరోపా యుద్ధము తీవ్రమగుచుండగా, అమెరికా సైన్యమువారు గుట్టలును బురదయును లెక్కచేయక పోగల తేలికబండి కావలెనని కోరిరి. నమూనా బండిని 49 దినములలో అప్పగింపవలెనని షరతు. పెన్సిల్వేనియా రాష్ట్రమందలి బాంటమ్ అను చిన్న కంపెనీ దానిని నిర్మించి, ఆ యేడు సెప్టెంబరు 23వ తేదీన సైన్యమునకు అప్పగించెను. పిమ్మట విల్లీస్, ఫోర్డ్ కంపెనీలవారు యుద్ధము ముగియులోపల ఆరు లక్షలకు పైబడిన బండ్లను తయారుచేసిరి. స్వాతంత్ర్యము వచ్చిన తొలినాళ్లలో మహీంద్రావారు బొంబాయిలో ఆ విల్లీస్ జీపులను బిగించుట మొదలిడిరి. 1953లో అమెరికాలో వెలువడిన సీజే-3బీ అను నమూనాయే తరువాత మన దేశమున దశాబ్దములపాటు తయారైనది. దాని ఇంజను ఎత్తు హెచ్చగుటచే బానెట్టు ఎత్తు పెంచవలసివచ్చెను. ఎత్తైన ముక్కుతో కనబడు మన పాత జీపులన్నియు ఆ వంశమువే. మా బండి 1968వ సంవత్సరపుది.

సికిందరాబాదు చుట్టుప్రక్కల వారికి జీపు క్రొత్త కాదు. 1806లో దండు వెలసి, మూడవ నిజాము సికందర్ జా పేరు పెట్టుకొన్న ఊరది. తిరుమలగిరిలో సైన్యమువారి యంత్రవిద్యా కళాశాల ఉన్నది. బొల్లారము త్రోవలో సైనికుల బండ్లను చూచుచు పెరిగినవారము మనము. మా నాయనగారు ఈ బండిని 1979లో ఒక వేలములో కొని తెచ్చిరి. అప్పటికి నేను పలకబలపముల వయస్సువాడను. ఎరువుల బస్తాలు, పెండ్లివారు, పురిటి నొప్పులు పడు తల్లులు, ఎన్నికల పెట్టెలు, చివరకు పుస్తకములు, అన్నియు ఇందులో ప్రయాణము చేసినవి.

భారతమున ఒక ముచ్చట కలదు. యుద్ధము ముగిసిన పిమ్మట శ్రీకృష్ణుడు మొదట అర్జునుని దిగుమని, తాను తరువాత దిగెను. దిగినంతనే ఆ దివ్యరథము భస్మమైపోయినది. యుద్ధరథమునకు యుద్ధముతోనే ఆయువు తీరినది. జీపు అట్లు కాలేదు. రణమునకై పుట్టి, రణము ముగిసిన తరువాత రైతు వాకిట నిలిచి నాగలిచాలు ప్రక్కన బ్రతికినది. అట్టి బండిని పాత ఇనుము వ్యాపారి కిలోల లెక్కన అడుగగా ఈయుటకు నాకు మనసొప్పలేదు.

అయితే మనసొప్పకపోవుట వేరు, బాగుచేయుట వేరు. ఇచట నా తప్పును నేను ఒప్పుకొనవలెను. ఏడేండ్ల క్రిందట బండి నేల తుప్పుపట్టి, అడుగు పెట్టినచోట రోడ్డు కనబడసాగినది. ఒక షెడ్డువారికి ఇచ్చి, “తక్కువలో కావలెను, త్వరగా కావలెను, మెరయవలెను” అంటిని. మూడును జరిగినవి. పదునైదు దినములలో బండి అద్దమువలె వచ్చినది. రెండవ వానకాలము వెళ్లునప్పటికి మడ్గార్డుల వెంట రంగు పొక్కులు లేచినవి. ఒక పొక్కును వ్రేలితో నొక్కగా అరచేయంత పుట్టీ పెచ్చు ఊడి పడినది. దాని వెనుక రేకు లేదు. తుప్పుమీదనే పుట్టీ మెత్తి, దానిమీద రంగు కొట్టిరి. పనివారిని నిందింపను. నేను అడిగినదానినే వారు ఇచ్చిరి.

నేను జీవితమంతయు లెక్కలు వ్రాసినవాడను. తీర్చని బాకీని చిట్టాలో కనబడకుండ కప్పి నిల్వ సరిచేసినవాని గతి ఏమగునో ఎరుగుదును. లెక్క ఆనాటికి సరిపోవును. వడ్డీ మాత్రము ఆగదు. తుప్పు అట్టి బాకీ. ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు, ఈ మూడును కలిసినచోట తుప్పు పుట్టును. అది తాను తినివేసిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును. అందుచే అతికించిన రెండు రేకుల నడుమ తుప్పు పుట్టినచో వానిని ఉబ్బించి, విడదీసి, నీటికి మరింత దారి చేయును. పైనుండి చూచిన ఆలింగనమువలె ఉండును, లోపల మాత్రము ధృతరాష్ట్ర కౌగిలి. కాబట్టి నేను ఈనాడు చెప్పదలచిన సారము ఒక్కటే: బండి బాగుచేయుట యనగా తుప్పును కప్పుట కాదు, తుప్పును లెక్కతేల్చి తీర్చుట.

రెండవ పర్యాయము బోయినపల్లిలో రేకుపని చేయు ఒక వృద్ధుడైన ఉస్తాదు నొద్దకు పోయితిని. ఆయన బండిచుట్టు తిరిగి, చిన్న సుత్తితో తట్టి, చెవియొగ్గి విని, “లెక్కల సారూ, పుట్టీ మీద బండి నిలవదు. రేకు మీదనే నిలుస్తది” అనిరి. “ఉస్తాద్, క్రొత్త బాడీ తెచ్చి బిగించిన ఎట్లుండును?” అని అడిగితిని. అట్టి బాడీలు దొరకకపోవు. హర్యానాలోని మండీ డబ్వాలీ వంటి ఊళ్లు జీపులు కట్టుటకే పేరుపొందినవి. ఆయన నవ్వి, “అది కూడ మంచి బండే అయితది. కాని మీ నాయన బండి కాదు” అనిరి. ఆ మాటతో నా సందేహము తీరినది. ఆయన వెల్డింగునకు మాత్రము వచ్చిపోవునట్లును, తక్కిన పని ఇంటివద్ద నేనే చేయునట్లును ఒప్పుకొంటిమి. పని పదునాలుగు నెలలు పట్టినది.

ఇంటివద్ద చేయుట సాధ్యమా యని మీరడుగవచ్చును. జీపు విషయమున సాధ్యమే. దాని రేకులు చాలవరకు చదునైనవి. బానెట్టు, మడ్గార్డులు, అద్దపు చట్రము, వెనుక తలుపు, చివరకు తొట్టివంటి బాడీయు నట్టుబోల్టులతో బిగింపబడినవే. ఉపనిషత్తు శరీరమును రథమన్నది. ఇక్కడ రథమునకే శరీరము వేరు, ఎముకలగూడు వేరు. ఛాసిస్ అను చట్రమునుండి బాడీని నలుగురు మనుష్యులు పట్టి ఎత్తి ప్రక్కన పెట్టవచ్చును.

మొదటి పని విప్పుట కాదు, వ్రాయుట. ప్రతి భాగమును విప్పకముందే నాలుగు వైపులనుండి ఫోటో తీసితిని. ప్రతి బోల్టును చిన్న సంచిలో వేసి, ఎక్కడిదో చీటి కట్టితిని. ఒక దళసరి పుస్తకమున ఎడమ పుటలో “నిలుపుకొన్నది” యనియు, కుడి పుటలో “మార్చినది” యనియు శీర్షికలు పెట్టితిని. విప్పుట ఒక దినము, మరల బిగించుట ఒక సంవత్సరము. ఆ నడుమ జ్ఞాపకశక్తిని నమ్మినవాడు చెడును.

రెండవది ప్రమాదములను తొలగించుట. ఈ జీపులో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు క్రిందనే ఉండును. వెల్డింగు తలపెట్టకముందే ట్యాంకును, దాని గొట్టములను విప్పి దూరముగా పెట్టవలెను. ట్యాంకు ఖాళీగా ఉన్నదిగదా యని ఉపేక్షింపరాదు. ఖాళీ ట్యాంకులో నిలిచిన ఆవిరి నిండు ట్యాంకుకంటె భయంకరమైనది. బ్యాటరీ తీగలు విప్పవలెను. పాత రంగులలో సీసము కలిసియుండవచ్చును గనుక దానిని కాల్చరాదు. తడిపి గీకవలెను, ముక్కునకు మంచి మాస్కు కట్టవలెను, పిల్లలను దగ్గరకు రానీయరాదు.

మూడవది తుప్పును వెదకుట. ఉస్తాదు నేర్పిన విద్య ఇది: సుత్తితో మెల్లగా తట్టిన, మంచి రేకు ఖంగుమనును, చచ్చిన రేకు దబ్బుమనును. అనుమానమున్నచోట మొనగల స్క్రూడ్రైవరుతో పొడిచి చూడవలెను. మా బండిలో తుప్పు దొరికిన తావులు ఇవి: కాళ్లక్రింది రేకు, చక్రముల పైభాగము బాడీతో కలియు మూలలు, అద్దపు చట్రము అడుగు, ఆమ్లము కారిన బ్యాటరీ పళ్లెము, అన్నిటికంటె ముఖ్యముగా, నేలరేకు అడుగున బలమునకై అతికిన టోపీ ఆకారపు పట్టీలు. వీనిలో బురద చేరి ఏండ్ల తరబడి తడిగా ఉండును. యుద్ధకాలపు జీపులలో ఈ పట్టీలలోపల కొయ్యముక్కలు కూడ పెట్టెడివారు. ఆ కొయ్య తడిని పీల్చి, చుట్టునున్న ఇనుమును తినిపించెడిది. చెడునది ఎప్పుడును కంటికి కనబడని చోటనే మొదలగును.

నాలుగవది కోత. తుప్పుపట్టిన భాగమును మంచి రేకు వచ్చువరకు కోయవలెను. ఇక్కడ లోభము పనికిరాదు, తొందరయు పనికిరాదు. ఎక్కువ కోసిన మన వారసత్వము పోవును, తక్కువ కోసిన తుప్పు మిగులును. కోసిన తావునకు మొదట అట్టతో నమూనా కత్తిరించి సరిచూచి, పిమ్మట రేకు కోయవలెను. రాణీగంజిలో తిరిగి పాత రేకు మందమునకు సరిపడు 18 నంబరు రేకు, అనగా ఇంచుమించు 1.2 మిల్లీమీటర్లది, తెచ్చితిని. మాసికకు మూలలు గుండ్రముగా నుండవలెను. ఒక రేకుపై మరియొక రేకు ఎక్కించి అతుకుట సులభమే గాని, ఆ రెంటి నడుమ నీరు నిలుచును. అంచునకు అంచు చేర్చి అతుకుటయే మేలు.

వెల్డింగులో ఉస్తాదు ఓర్పును చూచి నేను నేర్చుకొంటిని. ఆయన ఒకచోట మొదలిడి చివరవరకు వరుసగా అతుకలేదు. ఈ మూల ఒక టాకా, ఆ మూల ఒక టాకా, నడుమ ఒక టాకా వేసి, చల్లారనిచ్చి, మరల వేరొకచోట వేసెను. వేడిచే ఇనుము వ్యాకోచించును. ఒకేచోట వేడి తగిలిన పలుచని రేకు అప్పడమువలె ముడుతలు పడును. సొట్టలను తీయునప్పుడు రేకు వెనుక డాలీ అను ఇనుపముద్దను ఆనించి, ముందునుండి సుత్తితో అంచులనుండి నడిమికి మెల్లగా కొట్టుచు వచ్చెను. “సొట్ట ఎట్ల పడ్డదో, దానికి ఎదురు దారిలోనే తీయాలె” అనునది ఆయన సూత్రము. బలముగా కొట్టిన రేకు సాగిపోవును. సాగిన రేకు మరల తన చోట ఇముడుట కష్టము.

ఐదవది రక్షణ. మిగిలిన సన్నని తుప్పును ఫాస్ఫారికామ్లము కలిసిన మందుతో తుడిచితిని. ఢిల్లీలోని ఇనుపస్తంభము పదునారు వందల యేండ్లుగా వానలో నిలిచియున్నదిగదా. అందలి ఇనుములో భాస్వరము హెచ్చుగా నుండుటచే పైన ఒక రక్షకపు పొర ఏర్పడినదని శాస్త్రజ్ఞులు తేల్చిరి. మన మందు చేయు పనియు ఇంచుమించు అట్టిదే. ఆ పూత పలుచనిది గనుక దానినే నమ్ముకొని కూర్చుండరాదు. మందు కడిగి, బాగుగ ఆరబెట్టి, ఆనాడే ప్రైమరు వేయవలెను. శ్రావణమాసమున ఒక మధ్యాహ్నము గీకిన రేకును మరునాటికి విడిచితిని. తెల్లవారుసరికి దానిపై ఎఱ్ఱని పొడి నిలిచినది. చేసిన పని మరల చేసితిని. నాటినుండి రంగుపనులు దసరా తరువాత పెట్టుకొంటిని. మన ప్రాంతమున దసరాకును సంక్రాంతికిని నడుమ గాలి పొడిగా నుండును.

పుట్టీని నేను పూర్తిగ వర్జించితినని అనుకొనవలదు. సుత్తిపని చేసి, ప్రైమరు వేసిన మంచి రేకుమీద మిగిలిన గీతలను పూడ్చుటకు పలుచని పూత వేసితిమి. రెండు మూడు మిల్లీమీటర్లకు మించినచో అది పూత కాదు, గోడ. రేకుల అతుకులకు సీలరు పట్టించి, పట్టీల లోపలికి మైనము కలిసిన నూనె పోసి, అడుగున నీరు కారిపోవు రంధ్రములను తెఱచితిని. వెనుకటి మరమ్మతులో ఆ రంధ్రములు పుట్టీతో మూసుకొనిపోయినవి. నీటిని రాకుండ ఆపుటకంటె, వచ్చిన నీటికి పోవుదారి చూపుట ముఖ్యము. చెఱువు కట్టలు ఎరిగిన మనకు ఇది ఒకరు చెప్పవలసినది కాదు. చివర మామూలు ఎనామిలు రంగును నేలపై నీళ్లు చల్లి, దుమ్ము అణగిన పిమ్మట, పలుచగా మూడు పూతలు వేసితిమి. ఈ రోజులలో రెండు పాళ్లు కలిపి పిచికారి చేయు రంగులు ఊపిరితిత్తులకు హాని చేయును గనుక, తగిన సాధనములు లేని ఇంటిలో వానిని వాడరాదు.

ఇంత శ్రమ దేనికి? కేంద్ర ప్రభుత్వమువారు 2021లో ఒక నిబంధన తెచ్చిరి. మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు లేక మొదటి రూపమున నిలిచిన స్వంత బండ్లకు ‘వింటేజి’ గుర్తింపు ఈయవచ్చును. అది పదేండ్లు చెల్లును. మా బండి ఏండ్ల లెక్కలో అందులకు తగినదే. మిత్రులు దరఖాస్తు చేయుమని ప్రోత్సహించిరి. అయితే ఆ గుర్తింపు పొందిన బండిని నిత్యోపయోగమునకు రోడ్డుపై నడపరాదు. ప్రదర్శనలకును, పాత బండ్ల ర్యాలీలకును, మరమ్మతులకును, అట్టి కొన్ని పనులకే తీయవలెను. నేను రెండు రాత్రులు ఆలోచించితిని. అద్దాలగదిలో నిలుచు గౌరవము ఒకటి, పుస్తకముల పెట్టె మోయు గౌరవము ఒకటి. మా నాయనగారు రెండవదానినే కోరియుందురని తోచినది. మామూలు రిజిస్ట్రేషనునే అయిదేండ్లకొకమారు తనిఖీ చేయించి పొడిగించుకొనుటకు నిశ్చయించితిని.

ఇప్పుడు సొట్ట సంగతి. వెనుక తలుపు వద్దకు వచ్చి ఉస్తాదు సుత్తి ఎత్తిరి. నేను వలదంటిని. “రేకు తుప్పు పట్టిందా?” అని అడిగిరి. తట్టి చూడగా ఖంగుమన్నది. “అయితే ఇది రోగం కాదు సారూ, మచ్చ. ఉండనీయుండ్రి” అనిరి. తుప్పును తీర్చుట, గుర్తును నిలుపుట, ఈ రెంటి భేదమే జీర్ణోద్ధరణమని నాకు ఆ క్షణమున తెలిసినది. శిథిలమైన గుడిని బాగుచేయువాడు విరిగిన స్తంభమును మార్చును గాని, భక్తుల పాదములచే అరిగిన మెట్టును చెక్కి క్రొత్తది చేయడు. నా చిట్టాలో ఆ తలుపు ఎడమ పుటలో ఉన్నది: “నిలుపుకొన్నది. గ్రంథాలయపు సొట్టతో సహా.”

మహాశయులారా, మన గ్రంథాలయమునకును ఇరువదియైదేండ్లు నిండినవి. ఆ మొదటి బీరువాలోని పుస్తకములలో కొన్నింటికి అట్టలు ఊడినవి, కొన్నింటికి చెదలు తగిలినది. రజతోత్సవమునకు బీరువాకు క్రొత్త రంగు వేసితిమి, చూడ ముచ్చటగా నున్నది. దాని తలుపు తెఱచి లోపల ఒక్కొక్క పుస్తకమును తట్టి చూచుపని మిగిలియున్నది. ఏది చెదలు తిన్నది, ఏది చదువరుల చేతులలో నలిగినది యని వేరుచేయవలెను. మొదటిదానికి మందు కావలెను, రెండవదానికి నమస్కారము చాలును. ఈ పనికి వచ్చు ఆదివారమునుండి నేను పూనుకొనుచున్నాను. ఓపికగల యువకులు నలుగురు తోడు వచ్చినచో మేలు. కుట్టుపనికి పంపవలసిన పుస్తకములను సికిందరాబాదు చేర్చుటకు బండి సిద్ధముగా ఉన్నది.

మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును కూడ చూచుగాక యని కోరుచు విరమించుచున్నాను.